కూర్చున్నా గుండె దడ... మెట్లెక్కొచ్చా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా ఆయనకు 52 ఏళ్లు, కాస్త పొట్ట ఉంది. 14 ఏళ్లుగా షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. ఊరికే కూర్చున్నా నాడి 104 ఉంటోంది. దేవుడికి దణ్ణం పెట్టి లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటారు. మెదడులో హార్మోను తేడా వల్ల కూడా షుగర్ ఉన్నవాళ్ల గుండె దెబ్బతింటుందని చదివాం. నిజమేనా? వచ్చే నెల అలిపిరి మెట్లెక్కే మొక్కుంది.

జవాబు: మీరు చదివింది లెప్టిన్ గురించి అయ్యుంటుందమ్మా. 1994లో కనిపెట్టిన ఈ హార్మోను పుట్టేది మన కొవ్వులో, పనిచేసేది మెదడులో. 'గాదెలో గింజలున్నాయి, కంగారు పడకు' అని మెదడుకు కబురు చేస్తుంది. ఇన్సులిన్ బొత్తిగా లేని టైప్-1 షుగర్‌లో కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోతుంది. మెదడు కరువొచ్చిందనుకుని కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు పెంచేస్తుంది. దాంతో షుగరు, కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) ఇంకా ఎగబాకుతాయి, గుండెకూ ఆ దెబ్బ తగులుతుంది. ఎలుకల మెదడుకు నేరుగా లెప్టిన్ ఇస్తే ఇన్సులిన్ లేకుండానే షుగర్ దిగింది. అది ఎలుకల సంగతి, ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని నమ్ముకుని మానేయకూడదు. మీ ఆయనలా పొట్ట ఉన్న టైప్-2 వాళ్లలో లెప్టిన్ మామూలుగా ఎక్కువే ఉంటుంది, మెదడే వినిపించుకోదు.

లెప్టిన్ సంగతి అలా ఉంచండి. నన్ను ఆపింది ఆ 104. మెదడు నుంచి గుండెకు వేగస్ అనే పొడవాటి నరం వస్తుంది. గుండెకు బ్రేకు అదే. ఏళ్ల తరబడి షుగర్‌తో అది దెబ్బతింటే కూర్చున్నా గుండె పరుగెడుతుంది. ఇతర నరాలూ పాడైతే లేచి నిలబడగానే బీపీ జారిపోతుంది. నొప్పి తెలిపే నరాలే మొద్దుబారితే గుండెపోటొచ్చినా ఛాతీలో నొప్పి ఉండకపోవచ్చు. ఒట్టి చెమటలు, ఆయాసం, వాంతి. గ్యాసనుకుని సోడా తాగి పడుకునేవాళ్లు ఎందరో!

రక్తహీనత, థైరాయిడ్ వల్లా నాడి పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షలూ, ఈసీజీ చేయించండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1, 3 నిమిషాలకు బీపీ చూడమనండి. పై అంకె 20 తగ్గితే, బీపీ మాత్రలు కూడా వాడుతుంటే వాటిని మార్చాల్సి రావచ్చు. మీ అంతట మీరు ఆపకండి.

మొక్కంటారా, అలిపిరి దారిలో 3,550 మెట్లు. షుగర్, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీయే చెబుతోంది. ఈసారికి బస్సెక్కండి. ఈలోగా ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం వస్తే, నొప్పి లేదు కదా అని చూడకుండా 108కి ఫోన్ చేయండి.