ఎత్తు అద్దాలకు చవక కర్ర: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హనుమకొండలో దుకాణాల అద్దాలు శుభ్రం చేసే పని మొదలుపెట్టావని, అప్పుడే అయిదు దుకాణాలు నెలవారీ లెక్కన ఒప్పుకున్నావని చెప్పింది. మనసు నిండింది. ఆ తరువాత అన్న మాటకు మాత్రం నిద్ర పట్టలేదు. పై అంతస్తు అద్దాల కోసం నిచ్చెన అద్దెకు తెచ్చుకుంటున్నావట. ఈ ఉత్తరం చదవగానే ఆ నిచ్చెన తిరిగి ఇచ్చేసి రా. ఫోనులో చెబితే సగం మరచిపోతావని కూర్చుని రాస్తున్నాను.

భవనాల మెయింటెనెన్సు పనిలో ఉన్న 26 ఏళ్లలో నిచ్చెన మీది నుంచి ఇద్దరు పడటం నా కళ్లతో చూశాను. అందులో ఒకతను పడింది పన్నెండు అడుగుల ఎత్తు నుంచే. అద్దం మీది సబ్బునీళ్లు కారి కింద నున్నటి గ్రానైట్ అరుగు తడిసింది, నిచ్చెన కాలు జారింది. మడమ ఎముక నుజ్జయింది. ఎనిమిది నెలల తరువాత పనిలోకి వచ్చాడు గానీ, మళ్లీ మెట్లు కూడా సరిగా ఎక్కలేకపోయాడు. ఆ రోజు నిచ్చెన పట్టుకుని నిలబడింది నేనే. పట్టుకున్నంత మాత్రాన ఆగదని అప్పుడు తెలిసింది. నేల మీదే నిలబడి తుడవడానికి పొడవాటి కర్ర ఒకటి కొనమని అంతకు ముందే అడిగాం. ఖరీదు ఎక్కువని యజమాని కొనలేదు. అప్పటి నుంచే చవక కర్రలను ఈ పనికి పనికివచ్చేలా మార్చుకోవడం నేర్చుకున్నాను.

ఈ పని కోసమే తయారయ్యే కార్బన్ ఫైబర్ కర్రలు మంచివే. నీ పని ఇంకా నిలదొక్కుకోలేదు కాబట్టి ఇప్పుడే వాటి జోలికి పోవద్దు. హార్డ్‌వేర్ దుకాణంలో పెయింటర్లు రోలరు తగిలించుకునే అల్యూమినియం రాడ్డు అడుగు. మూడు గొట్టాలు ఒకదానిలోంచి ఒకటి సాగేది, పూర్తిగా లాగితే పన్నెండు అడుగులు వచ్చేది చాలు. నీ చెయ్యెత్తు కలుపుకుంటే పద్దెనిమిది అడుగుల దాకా అందుతుంది, అంటే మామూలు దుకాణానికి మొదటి అంతస్తు అద్దం పైఅంచు వరకు. బూజు దులిపే కర్ర ఇంకా చవక, అది మాత్రం వద్దు. బూజుకుంచెకు బరువుండదు, పక్కకు నెట్టవలసిన పనీ ఉండదు. నీళ్లు లాగే రబ్బరు వైపరును మాత్రం అద్దానికి అదిమి లాగాలి. ఆ ఒత్తిడికి సన్న గొట్టం విల్లులా వంగుతుంది.

దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు కర్రను పూర్తిగా సాగదీసి బిగించు. ఒక కొన గోడకు ఆనించి, రెండో కొన మీద రెండు అరచేతులు పెట్టి నీ బరువు కొంత మోపు. కూరుకుపోతే తిరిగి ఇచ్చేయి. తరువాత గొట్టాలు విడిగా తీసి గాజు బల్ల మీద దొర్లించు. సొట్ట ఉన్న గొట్టం దొర్లుతూ ఎగురుతుంది. దుకాణదారు చిరాకు పడితే పడనీ.

ఇక కర్ర కొన గురించి. ఈ ఉత్తరంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది ఇదే. మన మామిడి చెట్ల కింద మీ తాతయ్య దోటి పట్టుకుని తిరగడం నీకు గుర్తుండే ఉంటుంది. వెదురు ఎంత పొడవున్నా ఆయన కట్టే చిక్కం మాత్రం చిన్నదే. ఒకసారి నేను పెద్ద చిక్కం కట్టాను, ఒకే ఊపులో నాలుగు కాయలు దించవచ్చని. నాలుగో కాయ పడగానే దోటి చేతిలో గిర్రున తిరిగి పక్క కొమ్మను విరిచింది. నాన్న ఏమీ అనకుండా ఆ చిక్కం విప్పి, చిన్నది కట్టి నా చేతికిచ్చారు. కర్ర కొనలో పెట్టే ప్రతి గ్రామూ కింద చేతికి ఎన్నో రెట్లయి తగులుతుంది. కొనలో అరకిలో సామాను పెట్టి పన్నెండు అడుగుల కర్రను అడ్డంగా పట్టుకుంటే, ఒక అడుగు దూరంలో ఆరు కిలోలు వేలాడదీసి మోస్తున్నంత శ్రమ. నిలువుగా ఉన్నంతసేపు ఆ బరువు తెలియదు. కర్ర వాలిన కొద్దీ మణికట్టు లాగుతుంది.

అందుకే కర్ర మీద 18 అంగుళాల వైపరు పెట్టకు. 12 అంగుళాలది, మహా అయితే 14. రెండు లాగుళ్లు ఎక్కువ పడతాయి, పడనీ. వైపరు నాణ్యతలో మాత్రం బేరం చూడకు. ఇత్తడి పట్టీలో ఒకే ఒక రబ్బరు ఉండే ఈ వైపరు రూపానికి 1936లో అమెరికాలో ఎట్టోరే స్టెక్కోనే అనే అద్దాలు తుడిచే పనివాడు పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు వాడుతున్న బరువైన ఇనుప పనిముట్టుతో విసిగి దాన్ని తయారు చేసుకున్నాడు. ఇప్పటికీ అందరూ వాడేది దాదాపు అదే రూపం. వైపరును మార్చే ప్రయత్నం చేయకు, నీ తెలివంతా కర్ర మీద పెట్టు.

పెయింటు రాడ్డు కొన మీది మర వైపరు పిడికి సరిపోదు. చాలామంది గుడ్డ చుట్టి టేపు వేస్తారు. నీళ్లు తగిలిన గంటకే అది జారుతుంది, వైపరు ఎవరి నెత్తి మీదో పడుతుంది. సరైన పద్ధతి టేకు చెక్క ముక్క. వడ్రంగితో జానెడు పొడవున చేయించు. కింది సగం గొట్టంలో గట్టిగా దిగాలి. పై సగం కొనకు పోతున్న కొద్దీ సన్నబడి, వైపరు పిడిలోకి మెల్లగా బిగుసుకోవాలి. టేకు నీటికి తొందరగా ఉబ్బదు, అయినా అవిసె నూనెలో ఒక రాత్రి నానబెట్టి ఆరనివ్వు. గొట్టంలో దించాక అడ్డంగా ఒక చిన్న స్టీలు బోల్టు వేసి నట్టు బిగించు. మేకు కొట్టవద్దు, చెక్క చీలుతుంది. వైపరు పిడి నుంచి కర్రకు సన్నటి నైలాన్ తాడు ఎప్పుడూ కట్టి ఉంచు. చెక్క విరిగినా వైపరు తాడుకు వేలాడుతుంది, కింద నడిచేవారి మీద పడదు. చౌరస్తా దగ్గర పని చేసేటప్పుడు ఈ తాడు లేకుండా కర్ర పైకి ఎత్తనని నాకు మాట ఇవ్వు.

కర్ర చెడిపోయే రెండో చోటు అతుకులు. తిప్పి బిగించే రకంలో లోపలి గొట్టం చివర ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటుంది. తిప్పితే అది పక్కకు జరిగి బయటి గొట్టాన్ని ఒత్తి పట్టుకుంటుంది. నీళ్లు, ఇసుక చేరితే ఆ పట్టు పోతుంది. అప్పుడు బలంకొద్దీ తిప్పితే బిళ్ల పగులుతుంది. నూనె అసలు వేయకు. గొట్టాలు విడదీసి మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

బిళ్ల మీద నమ్మకం పెట్టుకోకుండా ఉండాలంటే పిన్ను పద్ధతి మంచిది. నువ్వు రోజూ వాడే ఎత్తులు రెండో మూడో ఉంటాయి. ఆ ఎత్తులకు కర్రను సాగదీసి, రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి ఉన్న భాగంలో అడ్డంగా 5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, స్టీలు పిన్ను గుచ్చు. పిన్నును చిన్న గొలుసుతో కర్రకే కట్టెయ్యి, లేకపోతే రెండో రోజే పోతుంది. రంధ్రం అంచులు గుండ్రటి ఆకురాయితో నునుపు చేయి. అక్కడ గరుకు ఉంటే పగులు మొదలవుతుంది, చెయ్యి కూడా కోసుకుంటుంది. రంధ్రాలు ఎక్కువైతే గొట్టం బలహీనపడుతుంది, మూడింటికి మించవద్దు.

లోపలి గొట్టం బయటి దానిలో అడుగుకు తక్కువ మిగిలేలా ఎప్పుడూ లాగకు. లోపలి గొట్టం మీద ఆ హద్దు దగ్గర ఎర్ర టేపు చుట్టుకో, ఎరుపు కనబడితే ఆపాలి. గొట్టాల మధ్య వదులుగా ఉండి కర్ర లొటలొటలాడుతుంటే పాత ఎక్స్‌రే ఫిల్మును పట్టీలుగా కత్తిరించి, లోపలి గొట్టం అడుగున ఒకటి రెండు చుట్లు అంటించు. ఆస్పత్రి ఎక్స్‌రేలు ఇంట్లో ఏ బీరువా మీదో ఉంటాయి. నేను దీనికి మరెన్నో వాడి చూశాను, ఇంత సన్నగా, ఇంత గట్టిగా నిలిచేది ఇంకొకటి కనబడలేదు. కర్రను నేల మీద పడుకోబెట్టి, లావుగా ఉన్న నడిమి గొట్టాన్ని ముందు ఆ ఎర్ర టేపు దాకా లాగు. సన్న గొట్టాన్ని అవసరమైనంత మేరకే లాగు, ఎక్కువగా వంగేది అదే.

చేతులు పట్టుకునే చోట పాత సైకిల్ ట్యూబు తొడుగు. అడుగున ఊతకర్రకు వేసే రబ్బరు బుష్ పెట్టు, షోరూం టైల్సు మీద గీతలు పడవు. కర్ర మీదుగా నీళ్లు జారి మోచేతి దాకా వస్తాయి. అతుకు పైన ట్యూబు ముక్కతో అంగుళం వెడల్పు కాలరు చేసి బిగిస్తే నీళ్లు అక్కడే బయటికి చిమ్ముతాయి.

ఇప్పుడు కరెంటు తీగలు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, నువ్వు పని చేసే వీధులు నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. పాత బజార్లలో 11,000 వోల్టుల లైన్లు పిట్టగోడల పక్కగా పోతుంటాయి. ఆ తీగల మీద తొడుగు ఉండదు. అల్యూమినియం కరెంటును సులువుగా పారనిస్తుంది. కార్బన్ ఫైబర్ కూడా అంతే, నల్లగా ప్లాస్టిక్‌లా ఉందని మోసపోకు. ఫైబర్‌గ్లాసు పొడిగా, శుభ్రంగా ఉన్నంతసేపే నయం. తడిస్తే దాన్నీ నమ్మకూడదు, నీ కర్ర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అంత వోల్టేజీ దగ్గర తీగను తాకనవసరం లేదు, దగ్గరికి వెళితేనే కరెంటు దూకుతుంది. రబ్బరు చేతితొడుగులు, చెప్పులు కాపాడవు. కర్ర పడిపోతే ఎంత దూరం వాలుతుందో ఆ దూరం కూడా లెక్కలో పెట్టుకుని, తీగకు పది అడుగుల లోపు కర్ర కొన రాకుండా చూసుకో. రాక తప్పని అద్దం ఉంటే ఆ అద్దం వదిలెయ్యి. యజమాని పట్టుబడితే, లైను ఆపించే ఏర్పాటు ఆయననే విద్యుత్తు సంస్థతో మాట్లాడి చేయమను. వారి ప్రధాన కార్యాలయం నీకు దగ్గరలో నక్కలగుట్టలోనే ఉంది. వంద రూపాయల అద్దం కోసం కర్ర ఎత్తకు.

మన ప్రాంతపు దుమ్ము గురించి ఒక మాట. ఇది రాతి నేల. గ్రానైట్ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. పొడి అద్దం మీద కర్రతో గుడ్డ రుద్దితే సన్న గీతలు పడతాయి, ఎండలో అవి సాలెగూడులా కనబడతాయి, మళ్లీ పోవు. ముందు నీళ్లు ధారాళంగా పారించి దుమ్ము జార్చు, తరువాతే తడిగుడ్డ. బకెట్టుకు గిన్నెలు తోమే ద్రవం మూడు నాలుగు చుక్కలు చాలు. బాత్రూం యాసిడ్ దగ్గరికి రానీయకు, అల్యూమినియం ఫ్రేములు మచ్చలు పడతాయి.

వీలైతే నల్లా నీళ్లే వాడు. ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి చెరువుల నుంచి వచ్చే ఆ నీరు బోరు నీటి కంటే మెత్తన. బోరు నీరు ఆరితే సున్నపు చుక్కలు మిగులుతాయి. వైపరుతో నీటిని పూర్తిగా లాగేస్తావు కాబట్టి కొంత గట్టి నీటితోనైనా నెట్టుకురావచ్చు. కర్ర మీదుగా నీళ్ల పైపు పంపి కుంచెతో కడిగి అలాగే ఆరనిచ్చే పద్ధతికి పోతే మాత్రం నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క, పది లోపు ఉండాలి. తాగే ఆర్వో డబ్బా నీరు సాధారణంగా అంత శుద్ధంగా ఉండదు, మీటరుతో చూసుకో. ఆ పద్ధతికి ఇంకా తొందర లేదు. ఎప్పుడైనా పంపు కావాలంటే కొత్తదే కొను. పొలంలో పురుగుమందు కొట్టిన పంపును ఎంత కడిగినా ఊరి మధ్య వాడకూడదు.

వేసవిలో పడమటి అద్దాలు పొద్దున, తూర్పు అద్దాలు సాయంత్రం చేయి. వేడి అద్దం మీద సబ్బునీరు వైపరు చేరేలోపే ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి మొదలైతే కర్ర దించేసి ఇంటికి వెళ్లిపో, మిగతా అద్దాలు మరునాడు పొద్దునే చేయవచ్చు. లాగేటప్పుడు పై అంచున ముందు ఒక అడ్డగీత పొడిగా తీసుకుని, అక్కడి నుంచి నిటారుగా కిందికి లాగు. ప్రతి లాగుడూ ముందు దాని మీద రెండు అంగుళాలు ఎక్కాలి. చేతితో తుడిచినట్టు పాములా వంపులు తిప్పడం కర్ర మీద కుదరదు. మొదటి వారం గీతలు మిగులుతాయి. చెయ్యి కుదిరేదాకా మన ఇంటి మేడ కిటికీల మీద సాధన చేయి, మీ అత్తయ్య ఏమీ అనదు.

రెండో అంతస్తు ఎవరైనా అడిగితే ఇప్పుడే ఒప్పుకోవద్దు. ఈ కర్ర అంత ఎత్తున అదుపులో ఉండదు. అడిగినవారికి ఆ మాటే చెప్పు, తప్పు పట్టరు.

ఈ ఆదివారం హుజూరాబాద్ రా. నా దగ్గర డ్రిల్లు ఉంది, రంధ్రాలు ఇద్దరం కలిసి వేద్దాం. టేకు ముక్క ఒకటి ఎండబెట్టి ఉంచాను. కర్రతో పాటు నీ వైపరు కూడా తప్పకుండా తీసుకురా, దాని పిడి లోపలి కొలత లేనిదే వడ్రంగి కొన సన్నం చేయలేడు.

ఇట్లు,
మీ మామయ్య