రీడ్‌మీలోని ఉదాహరణలు పాతబడకుండా

ప్రశ్న: ఉల్లిగడ్డ బస్తాలను క్వింటాళ్లలోకి మార్చే పైథాన్ ప్రోగ్రాం మా ప్రాజెక్టు. బస్తా 50 కిలోలని మొదట రాసి, తర్వాత 45కు మార్చాం. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఉదాహరణ మాత్రం పాతదే ఉండిపోయింది. జూనియర్లు లెక్క తప్పంటున్నారు. కోడు మార్చినప్పుడే ఇలాంటివి బయటపడే దారి ఉందా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఉందండీ. ఉదాహరణలను నడిపి, వచ్చిన జవాబును రాసినదానితో పోల్చే డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ ఉంది. 2001లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచీ అది పైథాన్‌తోనే వస్తోంది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పనిలేదు. పైథాన్ షెల్‌లో కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు రీడ్‌మీలో పెట్టండి:

>>> క్వింటాళ్లు(5)
2.5

పైథాన్ 3లో ఫంక్షన్ పేరు ఇలా తెలుగులోనే ఉండొచ్చు. దీనికి ముందు ఇంపోర్ట్ వరుస కూడా మూడు బాణాలతోనే రాయాలి, లేకపోతే నేమ్ ఎర్రర్ వస్తుంది. టెర్మినల్‌లో పైథాన్, హైఫన్ ఎం, డాక్‌టెస్ట్, ఫైలు పేరు వరసగా కొట్టండి. అన్నీ సరిపోతే ఏమీ చెప్పదు. మీ 45 కిలోల కోడుకైతే ఎక్స్‌పెక్టెడ్ కింద 2.5, గాట్ కింద 2.25 చూపిస్తుంది.

ఎక్కువమంది చిక్కుకునేది రీడ్‌మీలు రాసే మార్క్‌డౌన్ ఫార్మాట్ దగ్గర. జవాబు ఎక్కడ ముగిసిందో డాక్‌టెస్ట్‌కు తెలిసేది ఖాళీ వరుసను బట్టో, తర్వాతి మూడు బాణాలను బట్టో. 2.5 కిందే కోడ్ బ్లాక్ మూసే ``` ఉంటే దాన్నీ జవాబులో కలిపేసుకుంటుంది, లెక్క సరైనదైనా ఫెయిల్ అంటుంది. మధ్యలో ఒక ఖాళీ వరుస వదలండి. జవాబులోనే ఖాళీ వరుస రావాల్సి ఉంటే అక్కడ <, > గుర్తుల మధ్య బ్లాంక్‌లైన్ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయాలి.

పోల్చేది అక్షరం అక్షరం. 0.1 + 0.2కు 0.3 అని రాస్తే తప్పే, వచ్చేది 0.30000000000000004. రౌండ్ చేసి చూపించండి. సెట్‌లో వరస మారిపోతుంటుంది, సార్టెడ్‌లో పెట్టండి. ఎర్రర్ చూపే ఉదాహరణలో మొదటి ట్రేస్‌బ్యాక్ వరుస, చివరి ఎర్రర్ వరుస ఉంటే చాలు, నడుమ ఉన్నవాటిని పట్టించుకోదు.

పరీక్ష తప్పితే కమాండ్ ఎగ్జిట్ కోడ్ 1తో, అంటే ఫెయిలైనట్టు, ముగుస్తుంది కాబట్టి కమాండ్లను తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో పెడితే కోడు పుష్ చేసినప్పుడల్లా అదే నడిచి, తప్పుంటే ఫెయిల్ అని చూపిస్తుంది. రస్ట్ భాషలో డాక్ కామెంట్లలోని ఉదాహరణలను కార్గో టెస్ట్ కమాండ్ ఇలాగే నడిపి చూస్తుంది. గో భాషలో మాత్రం ఉదాహరణ చివర అవుట్‌పుట్ కామెంట్ లేకపోతే కంపైల్ అవుతుందే తప్ప నడవదు.

సున్నా బస్తాలు, మైనస్ సంఖ్యలు లాంటి పరీక్షలన్నీ రీడ్‌మీలో కుక్కకండి, చదివేవాళ్లకు అడ్డం. అవి విడిగా పైటెస్ట్ (పైథాన్ పరీక్షల టూల్) ఫైల్లో ఉండనివ్వండి. ఫెయిలైన ఉదాహరణకు, దాన్ని నడపకుండా వదిలేయమనే స్కిప్ గుర్తు తగిలించి మాత్రం వదిలేయొద్దు. అది నెట్‌వర్క్ కావాల్సిన ఉదాహరణలకే.