వాషర్ పద్ధతి: ముందు వర్గమా, ముందు తీసివేతా?

రెండు వక్రాల మధ్య ప్రాంతాన్ని అక్షం చుట్టూ తిప్పినప్పుడు ఘనపరిమాణం కావాలంటే, వ్యాసార్థాలను ముందు విడివిడిగా వర్గం చేసి, తర్వాతే తీసివేయాలి. ఎందుకంటే అక్షానికి లంబంగా కోసిన ముక్క చిల్లున్న గారెలా, అంటే వాషర్‌లా (బోల్టుకు వేసే చిల్లు బిళ్లలా) ఉంటుంది. పెద్ద వృత్తం వైశాల్యంలోంచి పోవాల్సింది చిల్లు వైశాల్యం.

ఉదాహరణకు 0 నుంచి 1 వరకు వై = ఎక్స్, వై = ఎక్స్² మధ్య ప్రాంతాన్ని ఎక్స్-అక్షం చుట్టూ తిప్పండి. ఇక్కడ సరళరేఖే పైన ఉంటుంది కాబట్టి బయటి వ్యాసార్థం ఎక్స్, లోపలిది ఎక్స్². π(ఎక్స్² − ఎక్స్⁴)ను సమాకలనం చేస్తే π(1/3 − 1/5) = 2π/15.

చాలామంది π(ఎక్స్ − ఎక్స్²)² రాసేస్తారు. దాంతో π/30 వస్తుంది, అసలు విలువలో నాలుగో వంతే! అది చిల్లే లేని వేరే ఘనానిది. అక్షం వై = −1 అయితే, వర్గం చేసే ముందే రెండు వ్యాసార్థాలకూ 1 కలపాలి.