లండన్ రాయబారి రీళ్ళు తిప్పబోయే ముందు

చి॥ సుజాతకు, పెద్దనాన్న ఆశీస్సులు.

చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ మీద పరిశోధన మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. 1861 నుంచి 1868 దాకా లండన్‌లో అమెరికా రాయబారి. అంతర్యుద్ధం రోజుల్లో అంతకంటే గడ్డు కొలువు ఇంకోటి లేదు. అచ్చయిన సంపుటాలు చాలవా అని అడిగావు. చాలవమ్మా. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచీ తన ఉత్తరాలు అచ్చు వేస్తోంది, నిజమే. కానీ అవి ఏరి వేసినవి, అక్కడక్కడా కత్తిరించినవీను. మొత్తం కావాలంటే మైక్రోఫిల్మ్ రీలు, అంటే అసలు ఉత్తరాల్ని చిన్న చిన్న ఫోటోలుగా ఎక్కించిన ఫిల్ము చుట్ట, తిప్పాల్సిందే.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు రీళ్ళ వరుసలకు ఇచ్చిన సంఖ్యలు రాసుకో. ఆడమ్స్ లండన్ నుంచి పంపినవి ఎం-30లో, 1791 నుంచి 1906 దాకా రాయబారులందరివీ కలిపి 200 రీళ్ళు. వాషింగ్టన్ నుంచి విదేశాంగ మంత్రి సీవార్డ్ ఆయనకు రాసినవి ఎం-77లో. అంటే ప్రశ్న ఒక డబ్బాలో, జవాబు ఇంకో డబ్బాలో. పైగా కొత్త రాయబారి రాగానే ఉత్తరాల నంబరు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ సంగతి తెలియక, నంబరు మాత్రమే చూసి రెండు రోజులు తెగ నోట్సు రాసుకున్నాను. తీరా సంతకం దగ్గరికొచ్చేసరికి అది ఆయన కంటే ముందున్న డల్లస్‌ది! అప్పట్నుంచి నంబరు పక్కన తేదీ, పేరు రాయకుండా ఒక్క ముక్క ఎత్తి రాయలేదు.

అన్నిటికంటే ముఖ్యం, రెండు తేదీలు: రాసినది, చేరినది. అట్లాంటిక్ సముద్రం దాటే తంతి 1866 దాకా నిలకడగా పనిచేయలేదు, ఉత్తరాలు ఓడల మీదే. ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడ గొడవ చూడు. 1861 నవంబరు 8న అమెరికా నౌక దాన్ని ఆపి తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల దూతలు ఇద్దర్ని దింపేసింది. ఆ కబురు లండన్‌కు చేరింది 27న. మా కెప్టెన్ మా ఆజ్ఞ లేకుండా చేశాడని సీవార్డ్ 30న రాశాడు. ఆడమ్స్ దాన్ని బ్రిటిష్ విదేశాంగ మంత్రి రస్సెల్‌కు చదివి వినిపించింది డిసెంబరు 19న. ఆ నడుమ మూడు వారాలూ ఆడమ్స్ చేతిలో ఏమీ లేదు! రాసిన తేదీ ఒక్కటే చూసే పరిశోధకుడికి ఆయన దద్దమ్మలా కనిపిస్తాడు. అందుకే నోటుబుక్కులో రెండు తేదీలకీ రెండు గడులు గీసుకో. చేరిన తేదీని చాలాసార్లు ఆఫీసు వాళ్ళు ఉత్తరం మీదే వేసి ఉంటారు, మూలన చిన్నగా.

ఉత్తరాలకు జతచేసిన పత్రికల కాగితాలూ వదలకు. యుద్ధం వల్ల అమెరికా పత్తి రాక ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరువై మన దేశపు పత్తి ధర ఎగబాకిన రోజులవి. మన గుంటూరు వాళ్ళకు ఆసక్తిగానే ఉంటుంది, థీసిస్‌లో పెట్టినా పెట్టకపోయినా.

ప్రభుత్వానికి రాసింది చదివాక అదే రోజు డైరీ చదువు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ ఆడమ్స్ కుటుంబ కాగితాలన్నీ 608 రీళ్ళకు ఎక్కించింది, డైరీ అందులోనే ఉంది. ఉత్తరంలో దర్జా, డైరీలో మనిషి.

మొదటి రోజు రీలు జోరుగా తిప్పకు, కళ్ళు తిరుగుతాయి. సిరా అవతలి పక్కకి దిగిన పుటల్ని మెల్లగా, వెలుగు తగ్గించి చదువు. గదిలో ఏసీ చలికి శాలువా ఉంచుకో. పని అయ్యాక రీలు మొదటికి చుట్టి డబ్బాలో పెట్టు. తర్వాత వచ్చేవాళ్ళు తిట్టుకోకుండా ఉంటారు.

పెద్దనాన్న