స్పందించే ప్రవాహమా, స్పంద ప్రవాహమా?

సందేహం: అమలాపురం దగ్గర పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నానండి. పైపుల్లో పల్సేటింగ్ ఫ్లో (లయగా హెచ్చుతగ్గులతో సాగే ప్రవాహం) మీద మా పిల్లలు ప్రాజెక్టు చేసి, తెలుగు పోస్టర్ మీద ‘గొట్టాలలో స్పందించే ద్రవ ప్రవాహంపై ప్రయోగాత్మక అధ్యయనం’ అని రాశారు. ఒకమ్మాయి ‘నాడీ ప్రవాహం’ అంటోంది, అంతర్వేది వైపు కుర్రాడేమో ‘పోటు ప్రవాహం’ అంటే చాలదా అంటున్నాడు. ఏది రాయాలి?

సమాధానం: ముందు ఆ ‘స్పందించే’ తీయించేయండి. అర్జీ ఇచ్చాం, అధికారులు స్పందించలేదు అని రోజూ పేపర్లో చదువుతున్నాం కదండీ, ఇవాళ ఆ క్రియకు ‘బదులు పలకడం’ అనే అర్థమే స్థిరపడింది. అదరడం, కొట్టుకోవడం అనే పాత అర్థం నామవాచకంలో మాత్రం ‘హృదయ స్పందన’ లాంటి చోట్ల గట్టిగానే ఉంది. అందుకని ‘స్పంద ప్రవాహం’ అనండి. ‘నాడీ’ వద్దు, నాడీ మండలం అనే మాట అందరి నోళ్ళలోనూ ఉంది కాబట్టి చదివేవాళ్ళు నరాల సంగతేమో అనుకుంటారు.

‘పోటు’ దగ్గర కాస్త ఆగాలి, ఆ కుర్రాడిది మంచి ఆలోచన. సముద్రపు పోటుకి ఎక్కిన నీరు పాటుకి వెనక్కి లాగేస్తుంది. పైపులో నీరు అలా ముందుకీ వెనక్కీ ఊగి, ఒక ఆవృత్తి మొత్తం మీద ఎక్కడికీ సాగకపోతే దాన్ని డోలన ప్రవాహం అంటాం. స్పంద ప్రవాహంలో అసలు నడక ఒకటి ముందుకి ఉంటుంది, దాని మీద హెచ్చుతగ్గులు పడుతుంటాయి. బోరింగు ఆపకుండా కొడుతుంటే చూడండి: చెయ్యి కిందికి నొక్కినప్పుడు ధార లావెక్కుతుంది, పైకెత్తినప్పుడు సన్నబడుతుంది, పైనున్న తొట్టెలో కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి గనక తెగిపోదు. అదీ స్పంద ప్రవాహమంటే. నిజానికి వరద రోజుల్లో మీ వైపు ‘సముద్రం పోటు మీదుంది, డ్రెయిన్లు లాగట్లేదు’ అంటారే, అప్పుడు కాలువలో నీరు కిందికే నడుస్తూ పోటు వేళకి మందగిస్తుంది, అది దీనికి దగ్గరే. కానీ ఒక్క ‘పోటు’ అనే మాటలో ఆ ముందు నడక వినిపించదు. దాళ్వాలో (రబీ వరికి) వంతులవారీగా వదిలే నీళ్ళని కూడా ఇందులో కలపకండి, అది వదలడం, కట్టేయడం.

‘స్పందం’ అని ఊరికే రాసినా చాలదు. పిల్లలు ఒత్తిడినీ వేగాన్నీ విడివిడిగా కొలిచి ఉంటే ‘ఒత్తిడి స్పందం’, ‘వేగ స్పందం’ అని విడివిడిగానే రాయించండి, ఎందుకంటే ఆ రెండూ ఒకేసారి శిఖరానికి చేరవు. పైపు గోడ పక్కన మెల్లగా కదిలే నీరు ఒత్తిడి మారగానే మాట వింటుంది, మధ్యలో జోరుగా పోయేదానికి జడత్వం ఎక్కువ గనక అది వెనకబడుతుంది. రిచర్డ్‌సన్, టైలర్ అనే శాస్త్రవేత్తలు 1929లో పైపుల్లో ముందుకీ వెనక్కీ ఊగే గాలి వేగాన్ని కొలిస్తే, గరిష్ఠ వేగం నడి మధ్యన కాదు, గోడకి దగ్గర్లో కనిపించింది! ధమనుల్లో రక్తప్రవాహానికి ఈ లెక్క కట్టి 1955లో ప్రచురించిన గణిత శాస్త్రవేత్త వోమర్‌స్లీ పేరు మీదే స్పంద ప్రవాహాల్లో వాడే సంఖ్య ఉంది. వేగంగా కొట్టుకునేకొద్దీ, పైపు లావయ్యేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది, దాంతో పాటు ఈ వెనకబాటూ పెరుగుతుంది. ‘కుదుపు ప్రవాహం’ అనే మాట కూడా నాకు అందుకే నచ్చదు, కుదుపులో ఈ క్రమమూ లేదు, ఈ లయా లేదు.

‘ద్రవం’ అంటే లిక్విడ్ మాత్రమే. గాలినీ కలుపుకోవాలంటే ఇంటర్ పుస్తకాల్లో ఉన్న ‘ప్రవాహి’ అనాలి, కానీ ‘ప్రవాహి ప్రవాహం’ నోరు తిరగదు. మీవాళ్ళు చేసింది నీళ్ళతోనే అయితే నీరనే రాయండి, తప్పేముంది?

ఇక ‘ప్రయోగాత్మక’. పథకాన్ని రెండు మండలాల్లో ‘ప్రయోగాత్మకంగా’ అమలు చేస్తున్నారు అంటే చేసి చూస్తున్నారని అర్థం. పోస్టర్ చూసినవాళ్ళకి ఈ అధ్యయనమే ట్రయల్ కింద చేశారనిపించే ప్రమాదం ఉంది. ‘పైపుల్లో నీటి స్పంద ప్రవాహం: ప్రయోగ పరిశీలన’ అని వేయించండి. పైపు అన్నా గొట్టం అన్నా ఒకటేనండి, కాకపోతే పోస్టర్ మొత్తం మీద ఒకే మాట ఉండేలా చూడండి.