లెక్కల మార్కుల పేరు చెప్పి సంగీతం పీరియడ్ అడగాలా?

ప్రశ్న: నేను ఒక స్కూల్లో 11 ఏళ్లుగా సంగీతం చెబుతున్నాను. ప్రతి తరగతికీ వారానికి 2 పీరియడ్లు ఉండేవి. ఈ ఏడాది అందులో ఒకటి లెక్కలకు ఇచ్చేశారు. మిగిలిన ఒక్కటీ పరీక్షలు దగ్గరపడేసరికి ‘సిలబస్ మిగిలిపోయింది మేడమ్, ఈ ఒక్కసారికి’ అంటూ ఎవరో ఒకరు తీసేసుకుంటున్నారు. సంగీతం గదిలో ఇప్పుడు జవాబు పత్రాల కట్టలు పేర్చారు. వార్షికోత్సవానికి 3 వారాల ముందు మాత్రం ప్రిన్సిపాల్ గారికి నేను గుర్తొస్తాను. సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని పరిశోధనలున్నాయట, అవి ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టమని నా స్నేహితురాలు అంటోంది. పెట్టమంటారా?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఎందుకు వద్దో చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ ప్రిన్సిపాల్ గారు కూర్చున్న లాంటి కుర్చీలోనే నేనూ 9 ఏళ్లు కూర్చున్నాను. అంతకుముందు లెక్కల మాస్టారిని. బడి తెరిచేముందు టైంటేబుల్ వేసేటప్పుడు లెక్కలు, సైన్సు, భాషలు పెన్నుతో రాసేవాణ్ణి. సంగీతం, డ్రాయింగ్, ఆటలు పెన్సిల్‌తో. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. ఏ మాస్టారు సెలవు పెట్టినా, ఏ సిలబస్ వెనకబడినా రబ్బరు ముందుగా వాటి మీదకే వెళ్లేది.

సంగీతం గిట్టక కాదు. ఇంట్లో పాట నడుస్తుంటే కట్టేయనిచ్చేవాణ్ణి కాదు. కానీ ‘మా పిల్లాడికి సంగీతం పీరియడ్ పోయిందేం’ అని అడగడానికి ఒక్క తల్లీ, ఒక్క తండ్రీ నా గదికి రాలేదు. లెక్కల్లో ఇద్దరు తప్పారంటే మాత్రం మేనేజ్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చేది. అడిగే దిక్కులేని పీరియడ్‌ను కాపాడే తీరిక నాకు లేదు. మీ ప్రిన్సిపాల్ గారిదీ అదే పరిస్థితి అయివుంటుంది. ఆయనకు సంగీతమంటే పడదు అనుకుని లోపలికి వెళితే మాట పెరుగుతుంది, పని కాదు.

ఇక ఆ ప్రింట్ల సంగతి. పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ స్వరపరిచింది వింటే తెలివి పెరుగుతుందన్న మాట మీరూ వినే ఉంటారు. దాని పుట్టుక 1993లో ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక చిన్న నివేదిక. 36 మంది కాలేజీ విద్యార్థులకు 10 నిమిషాలు మొజార్ట్ సొనాటా (వాద్య సంగీత రచన) వినిపించి, ఆకారాలను మనసులో మడిచి ఊహించే తరహా ప్రశ్నలు ఇచ్చారు. కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు 10, 15 నిమిషాల్లో పోయింది. అందులో చిన్నపిల్లలు లేరు, సంగీతం నేర్చుకోవడమూ లేదు, ఊరికే వినడమే. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక శాస్త్రీయ సంగీతం రికార్డింగ్ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగారు!

వినడం సరే, నేర్చుకుంటే? 2020లో సాలా, గోబే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 54 అధ్యయనాలను, దాదాపు 7 వేలమంది పిల్లల ఫలితాలను కలిపి చూశారు. సంగీతం నేర్చుకున్న పిల్లలను, మరేదో నేర్చుకున్న పిల్లలతో జాగ్రత్తగా పోల్చిన చోట చదువులో తేడా దాదాపు సున్నా. దాని మీద వాదన ఇంకా నడుస్తోందనుకోండి. కానీ మీరు ప్రింట్లు పెట్టిన రోజున, నాలాంటి లెక్కల మాస్టారు ఒకడు ఈ కాగితం తీశాడంటే మీ పని అక్కడితో సరి.

తీయకపోయినా చిక్కే. సంగీతం మార్కుల కోసమేనని మీ నోటితో మీరే అన్నాక, ‘అలాంటప్పుడు ఆ పీరియడ్లోనూ లెక్కలే చెబుదాం, ఇంకా ఎక్కువ వస్తాయి’ అంటారు. నేను అన్నాను కూడా, ఒకసారి.

నాకు కాస్త బుద్ధి వచ్చింది కాగితాల వల్ల కాదు. పరీక్షల ముందు గది అడుగుదామని మా సంగీతం టీచర్ క్లాసుకు వెళ్లాను. ఏడో తరగతి. రెండు గుంపులుగా పాడుతున్నారు. ఒక గుంపు ఎత్తుకున్న వరసనే రెండో గుంపు కాస్త ఆగి అందుకోవాలి. ఎక్కడో శ్రుతి తప్పింది, నాకే తెలిసిపోయింది. నేనైతే ‘ఎవడ్రా అది?’ అనేవాణ్ణి. ఆవిడ చెయ్యెత్తి ఆపి, ‘ఈసారి సగం గొంతుతో పాడండి, పక్కవాళ్లది వినబడాలి’ అన్నారు. మళ్లీ పాడారు. ఇంకా తేడాగానే ఉంది. ‘ఇంకా తగ్గించండి.’ మూడోసారికి కుదిరింది. తప్పిందెవరో నాకు తెలియలేదు. తప్పిన పిల్లాడికి తెలిసే ఉంటుంది, సర్దుకున్నాడు గనక. నా క్లాసులో తప్పు అనేసరికి ఒక పేరూ, ఒక ఎర్ర సిరా గీతా ఉండేవి. గది అడగకుండా తిరిగొచ్చేశాను. (మర్నాడు అటెండర్‌తో కబురు పెట్టి అడిగాను. అంత త్వరగా ఏం మారలేదు లెండి.)

అందుకని ఆయనకు మీ క్లాసు చూపించండి. వార్షికోత్సవంలో చూస్తున్నారుగా అంటారేమో. అక్కడ బాగా పాడే పదిమందే కనబడతారు. సంగీతం టాలెంట్ ఉన్నవాళ్ల వ్యవహారం అన్న అభిప్రాయం దానివల్ల ఇంకా గట్టిపడుతుంది. మామూలు రోజు, మామూలు తరగతి, గొంతు లేని పిల్లలతో సహా, 15 నిమిషాలు చాలు. రానంటే ఫోన్లో రికార్డ్ చేయండి. ఇవాళ ఒకసారి, 3 నెలల తర్వాత అదే పాట, అదే తరగతి మొత్తం.

1837లో బోస్టన్‌లో లోవెల్ మేసన్ అనే సంగీతం మాస్టారుకూ ఇదే కష్టం వచ్చింది. పబ్లిక్ స్కూళ్లలో పాట నేర్పడానికి అనుమతి ఉంది గానీ డబ్బు లేదు. ఆయన ఏడాదిపాటు ఒక స్కూల్లో జీతం లేకుండా చెప్పి, పిల్లల చేత ఊరివాళ్ల ముందు పాడించాడు. 1838లో స్కూల్ కమిటీ సంగీతాన్ని పాఠాల్లో చేర్చింది. జీతం లేకపోవడమన్న భాగం మాత్రం మీరు వదిలేయండి.

రెండో పని, పోయిన పీరియడ్లు ఒక నోటుబుక్కులో రాయడం. తేదీ, తరగతి, ఏ సబ్జెక్టుకు పోయింది. ఎవరితోనూ గొడవ వద్దు. టర్మ్ చివర ‘ఎనిమిదో తరగతికి 14 పీరియడ్లు రావాలి సార్, 5 జరిగాయి’ అని ఆ లెక్క చూపించి ఊరుకోండి. ‘ఈ ఒక్కసారికి’ అన్నది ఎన్నిసార్లయిందో ఆయనకు నిజంగానే తెలియదు. నాకు ఎవరూ చూపించలేదు.

వార్షికోత్సవం పని కాదనకండి, అడగ్గానే ఊ కూడా అనకండి. ఏడాదిలో ఆయనకు మీతో అవసరం పడేది అప్పుడే. రెండో పీరియడ్ ఎప్పటినుంచి వెనక్కి ఇస్తారో అప్పుడే అడిగి రాయించుకోండి.

అయినా ఏదో ఒక కాగితం పెట్టి తీరాలంటే 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం పెట్టండి. సాంస్కృతిక జీవితంలో, కళల్లో పాలుపంచుకోవడం పిల్లల హక్కని అందులో ఉంది. మార్కుల ఊసు లేదు.

గది విషయం. కట్టలు తీయించమని అడిగితే ‘చూద్దాం’ అంటారు. అది ‘కాదు’ అనడానికి మా ప్రిన్సిపాళ్లు వాడే మాట. కట్టలు పెట్టడానికి ఇంకో చోటు మీరే వెతికి, తాళం ఎవరి దగ్గరుందో కూడా కనుక్కుని, అప్పుడు అడగండి. మేం ఆలోచించాల్సిన పని తగ్గితే సంతకం త్వరగానే పడుతుంది.