అందరూ దిగగలిగే ఓడ ఏది?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేం మిసిసాగాలో ఉంటాం. ఆగస్టులో అయిదుగురం కలిసి మునిగిన ఓడలు చూడటానికి హ్యూరన్ సరస్సు ఒడ్డునున్న టోబర్‌మోరి వెళ్దామనుకుంటున్నాం. నాకూ మా ఫ్రెండ్‌కీ స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉంది, చెరో 40 డైవ్‌లు చేశాం. మా ఆవిడా, బావమరిదీ పోయిన చలికాలం అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే డైవింగ్‌లో మొదటి మెట్టు, చేశారు. ఆ తర్వాత నీళ్లలోకి దిగలేదు. మా అక్క కొడుక్కి 14 ఏళ్లు, వాడికి స్నార్కెల్ ఒక్కటే వచ్చు. ఫ్రెండేమో ‘అరేబియా’ చూడాల్సిందే అంటున్నాడు. అందరం కలిసి వెళ్లాలంటే ఏ ఓడ మంచిది?
- ఒక పాఠకుడు, మిసిసాగా

జవాబు: ముందు ‘అరేబియా’ సంగతి తేల్చేద్దాం. 1884లో మునిగిన ఆ ఓడ దాదాపు 35 మీటర్ల లోతున ఉంది. మీ ఇద్దరి సర్టిఫికెట్ 30 మీటర్ల వరకే. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లు ఉన్నారు. ఓడ ముందుభాగం, లంగర్లు ఇప్పటికీ అద్భుతంగా ఉంటాయి, మీ ఫ్రెండ్ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ డీప్ డైవింగ్ కోర్సు చేసి, చల్లటి నీళ్లు అలవాటయ్యాక, వేరే ట్రిప్‌లో వెళ్లమనండి. ఈసారి వద్దు.

మీ గుంపుకు నేను చెప్పేది బిగ్ టబ్ హార్బర్. అక్కడ ‘స్వీప్‌స్టేక్స్’ ఉంది. 1867లో కట్టిన తెరచాప ఓడ. 1885లో దెబ్బతింటే హార్బర్‌లోకి లాక్కొచ్చారు, అక్కడే మునిగిపోయింది. లోతు 6 మీటర్లే. మీ మేనల్లుడు పైన స్నార్కెల్‌తో తేలుతూ కింద మీరేం చేస్తున్నారో చూడగలడు. ఇంత చిన్న లోతులో ఇంత పెద్ద ఓడ దొరకడం అరుదు. ఉప్పునీటిలో చెక్కను తొలిచేసే పురుగు ఈ సరస్సుల్లో బతకదు, నీళ్లు చల్లన, అందుకే 140 ఏళ్లయినా ఓడ చట్రం నిలబడే ఉంది. ముక్కు దగ్గర లంగరు తాడు చుట్టే చెక్క రాట్నం ఉంటుంది చూడండి. దాని మీద చెక్క చారలు కూడా కనిపిస్తాయి. మా ఊళ్లో పాత దూలాలు ఇలాగే ఉండేవి. నేను ఎన్నిసార్లు వెళ్లినా అక్కడ అయిదు నిమిషాలు ఆగుతాను. లోపలికి మాత్రం వెళ్లకూడదు, అది నిషేధం. దానికి దగ్గర్లోనే 1907లో కాలిపోయిన స్టీమర్ ‘సిటీ ఆఫ్ గ్రాండ్ రాపిడ్స్’ ఉంది. ఒకే పూట రెండూ చూసేయొచ్చు. టూర్ బోట్లు కూడా అక్కడికే వస్తాయి, కాబట్టి డైవర్లకు ఏ వేళల్లో అనుమతో ముందే కనుక్కోండి.

రెండో రోజు, సరస్సు నిమ్మళంగా ఉంటే, బోటులో ‘వెట్‌మోర్’ దగ్గరికి వెళ్లండి. 1901 తుపానులో పోయిన ఆవిరి ఓడ. 9 మీటర్ల లోతులో బాయిలర్, పెద్ద చుక్కాని పడి ఉంటాయి. పైనుంచి మేనల్లుడికీ కనిపిస్తాయి.

మీ ఇద్దరికీ ఇది సరిపోదనిపిస్తే, ఇంకో పూట ‘నయాగరా 2’ ఉంది. 1999లో డైవర్ల కోసమే ముంచిన ఇనుప ఓడ, అడుగు 30 మీటర్ల దగ్గర. మీరిద్దరే వెళ్లండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. మూడేళ్ల కిందట మా తమ్ముణ్ని అక్కడికి తీసుకెళ్లాను. వాడిది ఓపెన్ వాటరే. ‘అక్కా, పైభాగం దగ్గరే ఉంటాలే’ అన్నాడు, నేను సరేనన్నాను. ఓ 14 మీటర్ల దగ్గర వెచ్చటి పొర అయిపోయి చల్లటి పొర మొదలైంది. ముఖం మీద మంచునీళ్లు కొట్టినట్టుంటుంది. వాడి ఊపిరి ఒక్కసారిగా మారిపోయింది, బుడగలు ఆగకుండా వచ్చేస్తున్నాయి. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ పది నిమిషాల్లో 3000 నుంచి 1900కి పడింది. చెయ్యి పట్టుకుని తాడు వెంట నెమ్మదిగా పైకి తెచ్చాను. వాడికేం కాలేదు, కానీ ఆ సీజనంతా మళ్లీ దిగనన్నాడు. తప్పు నాదే. లోతు లెక్క చూసుకున్నాను, చలి లెక్క చూసుకోలేదు.

హావ్‌లాక్‌లో మీవాళ్లు 28 డిగ్రీల నీళ్లలో, పల్చటి సూట్‌లో నేర్చుకుని ఉంటారు. ఇక్కడ ఆగస్టులో పైన ఈతకు బాగానే ఉన్నా, లోతున 4, 5 డిగ్రీలే. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు కాబట్టి ఆ చలి అడుగునే ఉండిపోతుంది. అందుకని 7 మిల్లీమీటర్ల సూట్, హుడ్, గ్లవ్స్ అద్దెకు తీసుకోండి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ చల్లటి నీళ్లకు పనికొచ్చేదో కాదో అడగండి. లేకపోతే లోపల మంచు పట్టి గాలి ఆగకుండా వచ్చేయొచ్చు.

నీళ్లలో కిందికి దిగడానికి కట్టుకునే సీసం బరువుల దగ్గర చాలామంది పొరబడతారు. ఉప్పులేని నీళ్లలో సీసం తక్కువ చాలు, నిజమే. కానీ మందం సూట్ మనిషిని బాగా పైకి తేలుస్తుంది. రెండూ కలిపి చూస్తే అండమాన్‌లో కట్టుకున్నదానికన్నా ఎక్కువే కావాలి. ఎంతన్నది మనిషిని బట్టి మారుతుంది. మొదటిరోజు స్వీప్‌స్టేక్స్ వైపు వెళ్లకముందే, ఒడ్డు దగ్గర అందరూ ఒక్కొక్కరుగా బరువు సరిచూసుకోండి. అరగంట పోయినా పర్లేదు.

జంటలు కూడా ముందే అనుకోండి. మీరు మీ ఆవిడతో, మీ ఫ్రెండ్ మీ బావమరిదితో. కొత్తవాళ్లిద్దర్నీ ఒక జంట చేయొద్దు. మేనల్లుడి పక్కన కూడా పైన ఒక పెద్దవాళ్లుండాలి. అంటే ఒక్కో విడతలో ఒక జంటే కిందికి దిగాలి, రెండో జంటలో ఒకరు పిల్లాడితో, ఒకరు ఒడ్డున. కాస్త విసుగే, కానీ ఆ లోతులో రెండు విడతలు తేలిగ్గా అయిపోతాయి.

ఆ నీళ్లు ఫాథమ్ ఫైవ్ నేషనల్ మెరైన్ పార్కులోవి. దిగే ప్రతి డైవరూ పార్క్స్ కెనడా దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. సర్టిఫికెట్ కార్డులు ఇంట్లో మర్చిపోకండి, టొరంటో వైపు నుంచి నాలుగు గంటల ప్రయాణం.